మిగతా రెండు తీగలు యాడమ్మా?

నా గిటారుకు నాలుగే తీగలు. ఈ ఒక్క ముక్క చెప్పుకోవడంలోనే నా ఆర్కెస్ట్రా జీవితం సగం గడిచిపోయింది. మదనపల్లెలో అడిగారు, పుంగనూరులో అడిగారు, కుప్పంలో అడిగారు. "మిగతా రెండు తీగలు యాడమ్మా?" తెగిపోయాయనుకున్నవాళ్లు కొందరు, నాకు సగమే వచ్చనుకున్నవాళ్లు కొందరు. పుంగనూరు పెళ్లిలో ఒక పెద్దావిడ అయితే నా గడ్డం పట్టుకుని, "పోనీలేమ్మా, ఆడబిడ్డవి కదా, నాలుగు సాల్లే అని తగ్గించి ఇచ్చినట్టుండారు" అని ఓదార్చింది. ఆవిడ మీద నాకు ఇప్పటికీ కోపం పోలేదు. తగ్గించారన్నందుకు కాదు, ఓదార్చినందుకు.

మామూలు గిటారుకు ఆరు, బ్యాస్ గిటారుకు నాలుగే ఉంటాయి. లావు తీగలు, కింది స్వరాలు. పాటలో అది ముందుకు రాదు, అడుగున ఉండి మోస్తుంది. ఇదంతా ఎంతమందికని చెప్పను?

ఎనభైల మొదట్లో నేను మదనపల్లెలో టైపు నేర్పేదాన్ని. సాయంత్రాలు ఒక ఆర్కెస్ట్రాలో కోరస్ పాడేదాన్ని. అందులో అందరూ పగలు వేరే పని చేసుకునేవాళ్లే. నడిపేది పోస్టాఫీసు గుమాస్తా. ముఖ్య గాయకుడు కూడా ఆయనే, అందరికీ ఆయన అన్న. డ్రమ్ములు వాయించేది బజారులో బట్టలు కుట్టే సాయిబు. కోరస్ అంటే పట్టుచీర కట్టుకుని నిలబడి పాటకు రెండుసార్లు "ఆ" అనడం. మూడేళ్లు "ఆ" అన్నాను. అప్పుడే బెంగుళూరు నుంచి ఒక బృందం మా ఊరికి కచేరీకి వచ్చింది. మూలన నిలబడ్డ ఒకాయన నాలుగు తీగల గిటారు మీటుతుంటే ఆ మోత నాకు చెవులకంటే ముందు పక్కటెముకలకు తగిలింది. నాక్కావలసింది అదేనని ఆ క్షణమే తెలిసిపోయింది.

నాన్నను వెంటబెట్టుకుని బెంగుళూరు వెళ్లాను. నాన్న పట్టుచీరలు నేసేవాడు, పాటల సంగతి ఆయనకు పట్టదు. కొట్టతను నన్ను ఎగాదిగా చూసి, పువ్వుల పట్టీ ఉన్న చిన్న గిటారొకటి తీశాడు. "లేడీసుకు ఇది చెన్నాగిదె, బాగుంటాది అమ్మా" అన్నాడు. నేను గోడకు వేలాడుతున్న పొడుగు మెడ బ్యాస్ చూపించాను. అది బరువని, భుజం నొప్పి పుడుతుందని చెప్పాడు.

"రోజూ రెండు బిందెలు మోసే భుజమే ఇది. దించండి," అన్నాను.

అతను నవ్వాడు. నేను నవ్వలేదు. నాన్న అన్నిటికంటే లావు తీగను రెండు వేళ్ల మధ్య పట్టి చూశాడు. పట్టు దారాన్ని కూడా ఆయన అలాగే పట్టి చూసేవాడు. "పురి గట్టిగా ఉండాదమ్మా, అంత సులువుగా తెగదు" అన్నాడు. నాకు ఆ మాట చాలు.

సాయిబు పక్కన కూర్చుని ఆరు నెలలు నేర్చుకున్నాను. ఆయన కాలితో కొట్టే పెద్ద డ్రమ్ము దెబ్బ ఎక్కడ పడితే నా వేలు అక్కడే పడాలి. వేళ్లు బొబ్బలెక్కి టైపు మిషను మీద అక్షరాలు తప్పేవి. తప్పితే తప్పాయి.

తీరా పుంగనూరు పెళ్లిలో మొదటిసారి వాయిస్తే నా గిటారు నాకే వినపడలేదు. మైకుసెట్టువాళ్లవి చెట్లకు కట్టే రేకు బూరలు. గొంతూ, సన్నాయీ వాటిలో ఖణేలుమంటాయి కానీ కింది స్వరం వాటికి పట్టదు. రేకు జివజివలాడి ఊరుకుంటుంది. తిరుగు బస్సులో అన్న నా పక్క సీట్లో కూర్చున్నాడు.

"నువ్వు వాయిస్తాండావో, ఊరికే నిలబడుకోనుండావో నాకే తెలీలేదమ్మా. వచ్చే నెల కుప్పం పెళ్లికి దాన్ని ఇంట్లో పెట్టిరా. గంగవరం నుంచి ఒకాయన వస్తాడు, ఆరు తీగల గిటారు. నువ్వు కోరస్ పాడుకో."

"తప్పు గిటారుది కాదన్నా, బూరలది. పెట్టె స్పీకరు కావాలి."

"యాడుండాది పెట్టె స్పీకరు? నువ్వు తెస్తావా?"

"తెస్తాను. తెస్తే వాయిస్తాను."

ఆయన కిటికీలోంచి బయటికి చూశాడు. ఆడపిల్ల పంతం రెండు రోజుల్లో చల్లారుతుందనుకున్నట్టున్నాడు. నాది మంగళవారం రాజుకుంటే మరుసటి మంగళవారానికి ఇంకా ఎగదోసుకునే రకం.

రేడియోలు బాగుచేసే ముసలాయన కొట్టులో, మూసేసిన టెంటు సినిమాహాలు తాలూకు పెద్ద స్పీకరొకటి దుమ్ము కొట్టుకుని పడి ఉంది. లోపలి కాగితం చిరిగిపోయింది. "పనికి రాదు బేటీ" అన్నాడాయన. నేను దాన్ని ఒళ్లో పెట్టుకుని రిక్షాలో ఇంటికి తెచ్చాను. నాన్న మగ్గం దిగి వచ్చి చిరుగును చూసి, చీర కొసన మిగిలిన పలచటి పట్టుముక్క కత్తిరించి, జిగురు పూసి అతికించాడు. ముసలాయన పాత ఆంప్లిఫయరొకటి కుదిర్చి తీగలు కలిపాడు. వీధి చివరి వడ్రంగి పలకలు కొట్టి పెట్టె చేశాడు. ముందువైపు చెక్క పట్టీలు వేశాడేమో, అది అచ్చం కోళ్ల గూడులా తయారైంది. కుప్పం బస్సు మీదికి ఎక్కిస్తుంటే కండక్టరు, "కోళ్లకు కూడా టికెట్టు కొట్టాలమ్మా" అన్నాడు. ఆర్కెస్ట్రా అంతా పగలబడి నవ్వింది. ఎందుకైనా మంచిదని అన్న పిలిపించిన గంగవరం గిటారాయన కూడా నవ్వాడు.

కుప్పంలో వేదిక చిన్నది. నా పెట్టెకు చోటు లేదని వెనక వంటల కొట్టం రేకుగోడ పక్కన పెట్టించారు. సాయంత్రం రిసెప్షను మొదలైంది. నాలుగు పాటలు వాయించాను. సాయిబు నావైపు తిరిగి తల ఊపాడు. అన్న మాత్రం పాటకీ పాటకీ మధ్య నా దగ్గరికి వచ్చి మెల్లగా అన్నాడు.

"ఒక పందెం వేస్తాము సూడు. ఈ పాటకు నువ్వు వాయించొద్దు. యాల ఆపినారని ఎవురన్నా అడిగితే ఇంక నేను నోరెత్తను. ఎవురూ అడగకపోతే రేపట్నించి నీకు కోరసే."

ఒప్పుకున్నాను. తీగల మీద అరచెయ్యి పెట్టి నిలబడ్డాను. పాట సాగిపోయింది. గంగవరం ఆయన ఆరు తీగలూ గలగలలాడాయి. జనం కబుర్లు చెప్పుకున్నారు, పిల్లలు పరుగెత్తారు, పాట అయ్యాక ఎప్పటిలాగే చప్పట్లు కొట్టారు. ఒక్కరంటే ఒక్కరు నావైపు చూడలేదు. అన్న కనుబొమలెగరేశాడు. నాకు ఏడుపొచ్చింది. ఏడుపుతో పాటే ఒళ్లు మండింది. మాట ఇచ్చిన సంగతి నిజమే, ఆ మాట తప్పాలని అక్కడే తీర్మానించుకున్నాను. ఎవరికీ వినపడకపోయినా సరే, నేను వాయిస్తాను.

అప్పుడు వంటల కొట్టంలోంచి పెద్ద వంటావిడ వచ్చింది. చేతికి పిండి, కొంగు నడుముకు దోపుకుని ఉంది. నేరుగా అన్న దగ్గరికి వెళ్లింది.

"ఏమప్పా, మీకేమన్నా కరెంటు పోయిందా? ఇంతసేపూ గుండిగల మీద మూతలు అదరతాండె. ఆ అదురుకు మావోళ్లు వరసగా పూరీలు వత్తతాండ్రి. అది నిల్సిపోయినాక ఒకరి చెయ్యి ఒకరికి కలవలేదు. యాల ఆపినారు?"

సాయిబు డ్రమ్ము మీద పుల్లలు పడేసి నవ్వాడు. నేను అన్న సైగ కోసం ఆగలేదు. లావు తీగను ఒకసారి గట్టిగా మీటాను. రేకుగోడ అవతల మూతలు గలగలమన్నాయి. అవి వేదిక మీదున్న నా దాకా వినపడ్డాయి. అన్నకు కూడా వినపడ్డాయని ఆయన మొహం చెప్పింది.

వంటావిడ వెళ్లబోతూ ఆగి నా గిటారు వైపు వంగి చూసింది. వేలితో లెక్కపెట్టింది. నాకు తెలుసు ఏమడుగుతుందో.

"మిగతా రెండు తీగలు యాడమ్మా?"

నేను పళ్లు బిగించాను. నా జవాబు కోసం ఆమె చూడలేదు.

"అవి లేకుండానే ఇంత అదిరిస్తాండావు. అవీ ఉంటే మా గుండిగలు పొయ్యి మీద నిలుస్తాయా?"

ఆ తర్వాత ఎన్నో ఊళ్లలో ఎంతోమంది అదే అడిగారు. మళ్లీ ఎవరికీ సంజాయిషీ చెప్పలేదు. అవి కూడా బిగిస్తే మీ వంట పొయ్యి మీద నిలవదని మాత్రం చెబుతూ వచ్చాను.