రువైస్‌కా, రాజోలుకా

మా షార్జా గదిలో పై మంచం నాది, కింద మంచం పిన్నిది. పిన్ని నాకు బంధువేమీ కాదు. రాజోలు వైపు నుంచి ఇంటిపనికి వచ్చి, వీసా ఇచ్చిన కఫీల్ ఇంట్లో భరించలేక బయటపడి, ఏడేళ్లుగా కాగితాల్లేకుండా ఫ్లాట్లు తుడుస్తూ బతుకుతున్న మనిషి. కాగితాల్లేనివాళ్లకి ప్రభుత్వం ఆమ్నెస్టీ ప్రకటించాక ఆవిడ ముందు రెండు దారులున్నాయి. జరిమానా లేకుండా ఇంటికి వెళ్లిపోవడం, లేదా అబుదాబి అవతల రువైస్‌లో ఒక కుటుంబం ఇస్తామన్న వీసా మీద ఉండిపోవడం. గడువు ఇంకో వారమే.

వెళ్లిపొమ్మని నా పోరు. అడక్కుండానే నా ఫోన్లో ఎగ్జిట్ ఫారం సగం నింపేశాను కూడా. ఆవిడ ఎటూ తేల్చకపోయేసరికి ఒళ్లు మండింది. ఆ రోజుల్లోనే ఫోన్లో ఒక పాత సంగతి చదివాను. చిన్నాచితకా దొంగతనాలకి ఇంగ్లండ్ ఆడవాళ్లని ఓడల్లో ఆస్ట్రేలియాకి పంపేసేవారట. భయపెడదామని అదే చెప్పాను. నెలల తరబడి ప్రయాణం, ఏడేళ్ల శిక్ష. ఓడ ఆగగానే దొరలు పైకెక్కి పనిమనుషుల్ని ఏరుకునేవారు.

"మమ్మల్నీ అంతే," అంది పిన్ని, ఉల్లిపాయలు తరుగుతూ. ఏజెన్సీ ఆఫీసులో వరసగా కూర్చోబెడతారట. మేడమ్‌లు ముందు చేతులు చూస్తారట. అందుకని ముందురోజే ఒకరి గోళ్లు ఒకరు కత్తిరించుకునేవారట.

"చూశావా, నువ్వూ వాళ్లలాగే ఇరుక్కున్నావు," అన్నాను.

"నేనేం దొంగతనం చేశానే?"

నోరు జారానని తెలిసింది. అయినా ఆపలేదు. శిక్ష అయ్యాక మగవాళ్లు ఓడలో పనిచేసుకుంటూ కొందరైనా ఇంటికి వెళ్లగలిగారని, ఆడవాళ్లని ఆ పనికి తీసుకోకపోవడంతో చాలామంది అక్కడే ఉండిపోయారని చెప్పాను. ఆవిడ అడిగినవి వేరే. సెలవు ఉండేదా? శిక్ష అయ్యాక జీతం ఇచ్చేవారా? ఇచ్చేవారని ఒప్పుకున్నాను. కొందరు సొంతంగా కొట్లు పెట్టుకున్న మాటా చెప్పాల్సి వచ్చింది.

"మరింకేం," అంది. "వెళ్లి మాత్రం ఏం చేస్తారు? తిండిలేక దొంగతనం చేసిన ఊరే కదా అది. నాకైతే వెళ్తే మళ్లీ ఆ రొయ్యలు ఒలిచే షెడ్డే."

"నీ ఇష్టం, ఖలాస్," అని పైకెక్కి హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నాను.

మర్నాడు ఆమ్నెస్టీ సెంటర్‌కి ఇద్దరం వెళ్లాం. ఎగ్జిట్ వరస గేటు దాకా ఉంది. పిన్ని దాన్ని కాసేపు చూసి, పక్కనున్న వీసా వరసలో నిలబడింది. నేను పాత ఫారం చెరిపేసి కొత్తది తెరిచాను. పని అన్నచోట ఏం కొడుతున్నావని అడిగింది. ఇంటిపని అన్నాను.

"వంట అని పెట్టు."

అలాగే పెట్టాను.