మా మంచాలెక్కిన రాణులు

మొన్న శనివారం మా అమ్మాయితో ఆస్ట్రేలియాలో మేముండే టూవూంబాలో పాత సామాన్ల సంతకు వెళితే, పింగాణీ కప్పుల వెనకాల ఒక యూరపు రాణిగారి బొమ్మ కనిపించింది. పందొమ్మిదో శతాబ్దంలో ఉక్కు రేకు మీద సన్నని గీతలుగా, చుక్కలుగా చెక్కి, కాగితం మీద అచ్చువేసిన రకం. నేను కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ మళ్ళీ చూస్తూ ఉండిపోతే, “అమ్మా, ఆర్ యూ ఓకే?” అని మా అమ్మాయి కంగారు పడింది. దానికేం తెలుసు, అది పుట్టకముందు ఇలాంటి రాజులూ రాణులూ మా ఇంటినిండా పడుకుని ఉండేవారని!

మావారికి ఇక్కడి ఆసుపత్రిలో డాక్టరుగా ఉద్యోగం వచ్చి మేము ఈ ఊరు చేరిన కొత్తలో, పలకరించే తెలుగువాళ్ళు లేక, ఇంట్లో పొద్దుపోక, పాత బొమ్మలు అమ్మే ఒక ముసలావిడ కొట్లో పనికి కుదిరాను. మొదటిరోజే ఆవిడ నా చేతికి భూతద్దమిచ్చి ఒక రాకుమారి బుగ్గ చూడమంది. దూరానికి నునుపైన నీడలా కనిపించిన ఆ బుగ్గ అద్దం కింద వేనవేల చుక్కలై విడిపోయింది, మెడలోని ముత్యాలైతే గీతల మధ్య వదిలేసిన ఉత్త తెల్లకాగితం! ఆ రాత్రి మావారిని అన్నం తిననివ్వకుండా ఆ సంగతే చెప్పాను.

ఆ వేసవిలోనే ఒక మధ్యాహ్నం పెద్ద పెద్ద వడగళ్ళు పడి కొట్టు పైకప్పుకి చిల్లులు పడ్డాయి. బీరువా సొరుగులు లాగి చూస్తే బొమ్మలన్నీ నీళ్ళలో ఉన్నాయి. భర్త పోయాక ఆవిడకున్న ఆధారమల్లా అవే. కుర్చీలో కూలబడి, “ఇంక కొట్టు మూసేస్తానమ్మాయ్” అంది నెమ్మదిగా. నాకు చేతులు ఊరుకోక పైనున్న కాగితాన్ని మెల్లగా ఎత్తాను. నీళ్ళు ధారగా కారిపోయాయి గాని అందులోని రాణిగారి ముఖంలో ఒక్క గీత కూడా అలుక్కుపోలేదు! అది నూనె సిరా అనీ, ఆ కాగితం గుడ్డపీలికల గుజ్జుతో చేసిన గట్టిదనీ అప్పటికి గుర్తొచ్చి ఆవిడ దిగ్గున లేచింది.

కొట్లో ఇంకా కురుస్తూనే ఉంది గనక ఆవిడా నేనూ అన్నిటినీ కారులో మా ఇంటికి తెచ్చి, తువ్వాళ్ళ మీద, మంచాలపై పక్కదుప్పట్ల మీద, చివరికి నా నేతచీరల మీద కూడా పరిచి, తడి పీల్చుకున్నవాటిని చెక్కపలకల మధ్య పెట్టి, పైన బియ్యం బస్తా, మావారి లావుపాటి వైద్యగ్రంథాలు బరువుగా పెట్టాం. డ్యూటీ నుంచి వచ్చిన మావారు గుమ్మంలోనే నిలబడిపోయి, “రాజులకి మంచాలూ, మనకి నేలా?” అన్నారు. ఆ మాటకి నేను ఇంగ్లీషులో అర్థం చెబితే ఆవిడ కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వి, మాతోపాటు నేలమీదే కూర్చుని చారన్నం తింది.

ఒకటీ అరా బొమ్మలకి మరకలు పడ్డా తక్కినవన్నీ దక్కాయి. పైకప్పు బాగుచేయించి ఆవిడ కొట్టు మళ్ళీ తెరిచింది. మా అమ్మాయి పుట్టేదాకా నేను సంతోషంగా అక్కడే పనిచేశాను.

ఇప్పుడు ఈ ఊళ్ళో తెలుగు కుటుంబాలకి కొదవలేదు, అందరూ మంచివాళ్ళే, కానీ ఒకరింటికి ఒకరం వెళ్ళాలంటే ముందు మెసేజ్ పెట్టి, ఇద్దరికీ వీలయ్యే ఆదివారం కోసం చూసుకుంటున్నాం. ఆవిడ మాత్రం పోయేదాకా తలుపు తట్టకుండానే మా వంటింట్లోకి వచ్చేసేది. అలా వచ్చేవాళ్ళు ఇప్పుడు నాకు ఒక్కరూ లేరు.