పప్పు ఉడికిన నీళ్ళు

నేను కాలేజీలో రసాయనశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ణి. దెయ్యాల్నీ, శకునాల్నీ ఏనాడూ లెక్కచేయలేదు. ఎవరైనా వింత సంగతి చెబితే, చూసిందెవరు, ఎంత దూరం నుంచి, అప్పుడు వెలుతురెంత ఉంది అని అడిగి వాళ్ళని విసిగించే రకం. అలాంటి నా దగ్గరే, నా చేతిరాతలోనే, పొంతన కుదరని కొలత ఒకటి ఉండిపోయింది. దాని గురించే ఇది.

తొంభైల చివరి సంగతి. అంతకు ముందు ఎనిమిదేళ్ళు భీమవరం వైపు ఒక ఊళ్ళో అద్దెకున్నాం. చుట్టూ రొయ్యల చెరువులు, నేలలోంచి వచ్చేది ఉప్పునీరు. మా ఆవిడ సుభద్ర ఆ ఎనిమిదేళ్ళూ ఊరి చివరి కుళాయి నుంచి రోజూ బిందెలు మోసింది. నాకు రాజమండ్రికి బదిలీ అయ్యాక, గోదావరికి ఇవతల కొవ్వూరులో సొంత ఇల్లు కొనుక్కుందామని అనుకున్నాం.

వెతకడానికి బయలుదేరే ముందు, దేనిలో సర్దుకోగలం, దేనిలో సర్దుకోలేం అని ఒక కాగితం మీద రాసుకున్నాం. దస్తావేజులు శుభ్రంగా ఉండాలి, స్టేషనుకు నడిచి వెళ్ళగలగాలి అన్నవి నా వైపు నుంచి. సుభద్ర ఒక్కటే రాయించింది.

"పప్పు ఉడికే నీళ్ళుండాలండి. మిగతావి మీ ఇష్టం. పైకప్పు లేకపోయినా గొడుగేసుకుని వండుతాను."

మా వైపు ఇల్లు కొనేముందు ఆడవాళ్ళు చేసే పరీక్ష అది. ఆ ఇంటి నీళ్ళు కాసిని తెచ్చుకుని, గుప్పెడు కందిపప్పు ఉడకేస్తారు. పప్పు వెన్నలా మెదిగితే సరే, గింజ గింజగా నిలబడితే ఇక ఆ ఇంటి మాట ఎత్తరు. దీన్ని నేను మూఢనమ్మకం అనలేదు. కఠినజలంలోని కాల్షియం పప్పును మెత్తబడనివ్వదు. కాకపోతే సుభద్ర పప్పుతో తేల్చేది నేను కాలేజీ ల్యాబులో బ్యూరెట్‌తో తేల్చేవాణ్ణి. దాన్లోంచి ద్రావణం ఎన్ని మిల్లీలీటర్లు తక్కువ పడితే నీరు అంత తేలిక. తొమ్మిది ఇళ్ళు చూశాం. తొమ్మిదింటిలోనూ ఇద్దరి తీర్పూ ఒకటే, వద్దని.

పదో ఇల్లు ఒక ఇరుకు సందు చివర పాత పెంకుటిల్లు. గేటుకు ఎదురుగా వీధిపోటు. వంటగది ఉండకూడని మూల ఉందట. ఎవరూ కొనక కొన్నాళ్ళుగా తాళం వేసి ఉంది. యజమాని రిటైరైన పోస్టుమాస్టారు, కాకినాడలో ఉంటున్నారు. తాళంచెవులు బ్రోకరు వెంకన్నగారి దగ్గర ఉన్నాయి.

ఒక ఆదివారం పొద్దున పదకొండు గంటలకు వెళ్ళాం. ఎండ బాగా కాస్తోంది. మేం వెంట తీసుకెళ్ళింది అయిదు లీటర్ల ప్లాస్టిక్ డబ్బా. దాన్ని ముందురోజు నేనే డిస్టిల్డ్ వాటరుతో కడిగాను. ఇంట్లోకి అడుగుపెట్టేటప్పుడు అది ఖాళీగా ఉంది. ఈ మాట మీద నేను ప్రమాణం చేయగలను.

వెంకన్నగారు టేపు ఒక కొస పట్టుకోగా నేను ముందుగది కొలుస్తున్నాను. సుభద్ర డబ్బా తీసుకుని పెరట్లోకి వెళ్ళింది. కాసేపటికి గిలక కిర్రుమని తిరిగిన చప్పుడు మా ఇద్దరికీ వినిపించింది.

"నుయ్యి కూడా ఉందన్నమాటండి! నాకే తెలీదు," అన్నారు వెంకన్నగారు. "గిలక్కి కాస్త నూనె పెట్టించుకోవాలండి మాస్టారూ. లేపోతే పొద్దున్నే వీధంతా లేస్తారు."

పది నిమిషాల్లో సుభద్ర నిండు డబ్బాతో వచ్చింది. పాదాలు తడిశాయి, చీర కుచ్చిళ్ళు తడిశాయి. "నీళ్ళు ఎంత పైకున్నాయోనండీ. చేద ఇలా వేస్తే అలా నిండింది," అంది. ఆ ముఖం నాకింకా గుర్తుంది. ఎనిమిదేళ్ళలో అలా చూడలేదు.

రాజమండ్రి బండి టైమయిందని నేను పెరట్లోకి దిగకుండానే వచ్చేశాను. ఆ ఇంటి దస్తావేజులు రెండు తరాల వెనక్కి వెళ్ళి చదివిన మనిషిని, నాలుగు అడుగులు వేసి నూతిని చూడలేదు.

ఆ మధ్యాహ్నం పప్పు వెన్నలా మెదిగింది. మర్నాడు ల్యాబులో మూడుసార్లు కొలిచాను. మూడుసార్లూ నాలుగు పాయింట్ రెండు మిల్లీలీటర్లే. అంత తేలిక నీరు ఆ తొమ్మిది ఇళ్ళలో ఎక్కడా రాలేదు. నోటుబుక్కులో "నీరు తీసిన చోటు" అన్న గడిలో "పెరటి నుయ్యి, సుభద్ర తోడినది" అని రాశాను. వీధిపోటుతో, సందుతో, కారే పెంకులతో సర్దుకుని ఇల్లు కొనేశాం.

పాలు పొంగించిన రోజు, చుట్టాలు వెళ్ళాక, నేను మొదటిసారి పెరట్లోకి దిగాను. అక్కడ నుయ్యి లేదు.

ఒకప్పుడు ఉండేదని తెలుస్తూనే ఉంది. నేలమట్టానికి సిమెంటు ఒర అంచు గుండ్రంగా కనిపిస్తోంది. లోపలంతా మట్టి. ఆ మట్టిలో నా పిక్కంత లావున జామచెట్టు. గిలక లేదు, గిలక వేలాడదీసే స్తంభాలూ లేవు.

"ఇక్కడేనండీ," అంది సుభద్ర. కింద కూర్చుని ఒర అంచు చుట్టూ చేత్తో తడిమింది.

ఇంట్లో ఉన్న నీరు గోడ పక్కన వేసిన బోరుదే. కొలిస్తే పందొమ్మిది మిల్లీలీటర్లు. ఆ నీళ్ళతో పప్పు సాయంత్రం దాకా ఉడికినా పంటి కింద గింజే.

నేను చేయాల్సినవన్నీ చేశాను. పోస్టుమాస్టారికి ఉత్తరం రాస్తే కార్డు మీద జవాబిచ్చారు: నుయ్యి పూడ్పించి ఆరేళ్ళయింది, బోరు వేశాక దానితో అవసరం లేకపోయింది, అందులో ఎప్పుడూ ఎవరూ పడలేదు, మీరు అడిగారు గనుక రాస్తున్నాను. పక్కింటావిడ ఆ చెట్టు జామకాయలు మూడేళ్ళుగా తింటున్నామంది. వీధిలో ఉన్న ఒకే ఒక్క నుయ్యి ఆరిళ్ళ అవతలిది, పద్నాలుగు వచ్చింది. గోదావరి నీరు, వీధి కుళాయి నీరు కూడా పట్టి చూశాను. ఏదీ కలవలేదు. వెంకన్నగారిని అడిగితే, "గిలక చప్పుడు విన్నమాట నిజమేనండి. కాదని ఎలా అంటాను? కానీ నన్ను సాక్ష్యానికి మాత్రం పిలవకండి," అన్నారు.

చివరికి ఒకే ఒక్క వివరణ మిగిలింది. సుభద్ర నన్ను మోసం చేసింది. అద్దె ఇళ్ళతో విసిగిపోయి, ఎక్కడివో మంచినీళ్ళు తెచ్చి, నుయ్యి అని చెప్పింది. సైన్సు చదివినవాడు మొదట తీసుకోవాల్సింది అన్నిటికన్నా సులువైన వివరణనే. ఒక సాయంత్రం అడిగేశాను. "నిజం చెప్పు సుభద్రా. ఆ నీళ్ళెక్కడివి?"

ఆమె చేతిలోని చేట కింద పెట్టింది. "తెచ్చిన నీళ్ళని మూడుసార్లు కొలిచి నమ్మారు. తెచ్చిన మనిషిని మాత్రం ఒక్కసారి కూడా నమ్మలేకపోయారా?"

ఆ తర్వాత ఆమె కోపం మాటల్లో కనిపించలేదు, విస్తట్లో కనిపించింది. దాదాపు ఏడాది పాటు, వారానికి రెండుసార్లు, ఆ బోరునీళ్ళతో ఉడకని పప్పు చేసి వడ్డించేది. "తినండి. మీరు కొలిచి కొన్న ఇంటి పప్పే," అనేది. నేను పటపట నమిలేవాణ్ణి. నోటుబుక్కులో ఆమె పేరు పక్కన పెన్సిలుతో ప్రశ్నార్థకం పెట్టాను.

మరుసటి వేసవిలో, "ఆ పూడిక తీయించండి. నీళ్ళు లేకపోతే ఇక జన్మలో ఆ ఊసెత్తను," అంది. నేను ఒప్పుకున్నాను. నీళ్ళు పడకపోతే నా వివరణ గెలుస్తుందని లోపల ఆశ ఉండేదని ఇప్పుడు ఒప్పుకోవాలి.

జామచెట్టు కొట్టించాం. ముగ్గురు మనుషులు నాలుగు రోజులు తవ్వారు. మట్టి, ఇటుక ముక్కలు, ఒక పగిలిన జాడీ. అంతకు మించి ఏమీ దొరకలేదు. నాలుగో రోజు మధ్యాహ్నం లోపలినుంచి మేస్త్రీ కేక వేశాడు. "అమ్మగారూ, పడ్డాయండి! పానకంలా ఉన్నాయండి!"

బురద తేరుకోవడానికి మూడు రోజులు ఆగి, నీళ్ళు నేనే తోడి, ల్యాబుకు తీసుకెళ్ళాను. సాయంత్రం ఇంటికొచ్చేసరికి సుభద్ర వంటింట్లో పొయ్యి దగ్గర ఉంది.

"ఎంతొచ్చిందండీ?"

"నాలుగు పాయింట్ రెండు."

"మరప్పుడో?"

"నాలుగు పాయింట్ రెండు."

ఆమె పప్పుగుత్తి తిప్పడం ఆపలేదు. "అయితే కాళ్ళు కడుక్కుని రండి, వడ్డిస్తాను," అంది.

కొలతలు కలిసినంత మాత్రాన రెండూ ఒకే నీరని రుజువు కాదు. ఈ మాట నేనే నా విద్యార్థులకు ఎన్నోసార్లు చెప్పాను. కొత్త గిలక బిగించాక తొలిసారి తోడినప్పుడు వచ్చిన కిర్రుమనే చప్పుడును కూడా నేను సాక్ష్యంగా చూపను, గిలకలన్నీ అలాగే కిర్రుమంటాయి. కానీ మట్టితో, చెట్టుతో మూసుకుపోయిన నూతిలోంచి, పదకొండు గంటల ఎండలో, మా ఆవిడ అయిదు లీటర్లు ఎలా తోడిందో నాకు తెలియదు. ఆమెకూ తెలియదు. "నుయ్యుంది, తోడాను" అంటుంది, అంతే.

ఆ ఇంట్లో పన్నెండేళ్ళున్నాం. వర్షాకాలం పెంకుల కింద గిన్నెలు పెట్టుకున్నాం, ఆటో రాని సందులో సామాన్లు మోసుకున్నాం. ఇప్పుడు రాజమండ్రి అపార్టుమెంటులో మెషీను నీళ్ళు, కుక్కరు పప్పు. మెత్తగానే ఉడుకుతుంది. ఇల్లు కొనుక్కునే పిల్లలు దేనిలో సర్దుకోవాలి మాస్టారూ అని అడిగితే, గోడల గురించీ రోడ్డు గురించీ చెబుతాను గానీ, నేను నిజంగా సర్దుకున్నది ఏమిటో చెప్పను.

పూడిక తీసిన నూతి నీళ్ళతో పప్పు ఉడికిన ఆ సాయంత్రం, భోజనం చేసి లేచి, నోటుబుక్కు తీసి సుభద్ర పేరు పక్కనున్న ప్రశ్నార్థకాన్ని రబ్బరుతో చెరిపేశాను. ఆ వరుస చివర "వివరణ" అని ఒక గడి ఉంది. అందులో రాయడానికి నాకు ఇప్పటికీ ఏమీ దొరకలేదు.