ఎర్ర కారు ఏ ఏడాదిది

ఆ రోజుల్లో నాకు తెలియని విషయాలు కూడా ఉంటాయని నాకెవరూ చెప్పలేదు. చెప్పినా వినేవాణ్ణి కాదు. ఆటోమొబైల్ డిప్లొమా చేతికొచ్చిన కొత్తలో తాడేపల్లిగూడెంలో ఒక కార్ల షెడ్డులో చేరాను. మా మేస్త్రిగారు నన్ను ‘ఇంజినీరూ’ అని పిలిచేవారు (అందులో వెటకారం ఉందని తెలియడానికి ఏడాది పట్టింది). ఒకరోజు కలిదిండి నుంచి రొయ్యల చెరువుల రాజుగారు కబురు పెట్టారు. ఆయన ఎక్కడెక్కడో చేతులు మారిన ఎర్రటి జపాన్ స్పోర్ట్స్ కారొకటి ముచ్చటపడి కొన్నారు. అది చెరువుగట్టు మీద మొదటి గతుకులోనే కడుపు ఆన్చి కూర్చుంది. మేస్త్రిగారూ నేనూ వెళ్లి చూస్తే గేర్‌బాక్సు పగిలి ఉంది.

కొత్తది జపాన్ నుంచే రావాలి. ఏ ఏడాది కారుకి ఆ ఏడాదిదే సరిపోతుంది, వచ్చాక వెనక్కి తీసుకోరు. కాగితాలు తడిసి సరిగ్గా మోడల్ ఉన్నచోటే అలుక్కుపోయాయి. “చూడవయ్యా ఇంజినీరూ. తప్పు చెప్పావో, రేపట్నుంచి షెడ్డుకి రానక్కర్లేదు,” అన్నారు మేస్త్రిగారు. నేను బానెట్ ఎత్తి, ఛాసిస్ నంబరు పలక తుడిచి, పుస్తకంలో చదివినట్టు ఏడాదిని చెప్పే పదో అక్షరం మీద వేలు పెట్టాను. ఎనిమిది. “రెండు వేల ఎనిమిదండీ,” అన్నాను. (జపాన్ వాళ్లు తమ దేశంలో అమ్ముకునే కార్లకు ఆ లెక్క వర్తించదని తర్వాతి పేజీలో ఉందట. నేను ఆ పేజీ దాకా వెళ్లలేదు.) “అయితే కొత్తదేనండీ,” అని రాజుగారు మురిసిపోయారు. గేర్‌బాక్సుకి ఫోన్‌లో ఆర్డరివ్వడానికి, సిగ్నల్ కోసం ఆయనా మేస్త్రిగారూ గట్టు చివరికి నడిచారు.

అప్పుడు రాజుగారి భార్య మజ్జిగ తెచ్చారు. రొయ్యల మేత దించుకునేది ఆవిడే. బస్తా మూతికి కుట్టిన చీటీ మీద తేదీ చూడనిదే ఒక్క బస్తా కూడా విప్పనివ్వరు. గ్లాసు నాకిచ్చి, అదే అలవాటు కొద్దీ కారులోకి వంగి సీటు బెల్టు చివరిదాకా లాగారు. అడుగున బస్తాకున్నట్టే కుట్టిన గుడ్డ చీటీ. జపాన్ రాతల మధ్య 1998. పక్క సీటుదీ అంతే, వెనకవీ అంతే.

“బెల్టులు ముందే చేసి దాచుకుంటారేమోనండీ,” అన్నాను (పదేళ్లు!).

“మీరు చూసే ఉంటార్లెండి బాబూ. ఆయన ఫోన్ చేసేలోపు ఇంకోసారి చెప్పి రండి,” అన్నారావిడ, నవ్వకుండా.

చెప్పులు వదిలేసి పరుగెత్తాను. “బెల్టు చీటీ చూశానండీ, తొంభై ఎనిమిది,” అన్నాను. రాజుగారి మొహం వాడిపోయింది గానీ, గేర్‌బాక్సు వచ్చి సరిగ్గా కూర్చుంది. “మా కుర్రాడు బెల్టు చూసి మోడల్ చెప్పేశాడండీ,” అని మేస్త్రిగారు ఏలూరు దాకా చెప్పుకున్నారు. నేను కాదనలేదు.

ఇప్పుడు గూడెంలో నాకే ఒక షెడ్డుంది. మేస్త్రిగారు లేరు. మొన్న రాజుగారి భార్య మనవడి కారులో వచ్చారు. “ఇది ఏ మోడలో చెప్పండి బాబూ, మీరు అందులో గట్టివారు కదా,” అన్నారు. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. “ఆ రోజు చూసింది మీరని మేస్త్రిగారికి చెప్పలేదండీ అమ్మగారూ,” అన్నాను.

“ఆయనకి తెలుసు బాబూ. ఆ సాయంత్రమే ఫోన్ చేసి చెప్పాను, మిమ్మల్ని పనిలోంచి తీసెయ్యొద్దని.”

అంటే ఏలూరు దాకా ఆయన నన్ను తెలిసే పొగిడారన్నమాట. ‘ఇంజినీరూ’ అన్న పిలుపులో వెటకారాన్ని ఏడాదికే కనిపెట్టిన ఆ తెలివైన కుర్రాడు, అందులో ప్రేమ కూడా ఉందని తెలుసుకోవడానికి ఇన్నేళ్లు తీసుకున్నాడు.