బీడీలు ఎండబెట్టే ఆంప్

మా ఇంట్లో రెండు శబ్దాలకు ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఒకటి, కింది షెడ్డులో మా మామగారి నాలుగు సాంచాల టకటక. కరెంటు మగ్గాలను సోలాపూర్ నీలం నగర్‌లో మేము సాంచాలే అంటాం. రెండోది, పై గదిలో మా అత్తమ్మ నోరు. పెళ్లయి ఈ ఇంటికి వచ్చేటప్పుడు నేను మూడో శబ్దాన్ని వెంట తెచ్చుకున్నాను. అది ఎలక్ట్రిక్ గిటారు. వచ్చిన వారానికే దాన్ని చద్దరులో చుట్టి బీరువా మీద పడుకోబెట్టాల్సి వచ్చింది. తొమ్మిదేళ్లు అక్కడే పడుకుంది.

తప్పు కొంత నాదే. కాలేజీ రోజుల్లో పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాలో వాయించిన గర్వం ఇంకా దిగలేదు. స్నేహితురాలి దగ్గర గిటారు శబ్దాన్ని పెంచే చిన్న ఆంప్ డబ్బా అడిగి తెచ్చి, కొత్త కోడలి కళ చూపిద్దామని మోగించాను. అది మేకుతో రేకును గీరినట్టు కూసింది. మూడడుగుల దూరంలో అత్తమ్మ ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. చాటలో తంబాకు ఎగిరిపడింది, ఆమె వేళ్లలో ఉన్న బీడీ విడిపోయింది. ఎన్నో ఏళ్లుగా కింది సాంచాల దరువుకే ఆమె చెయ్యి నడుస్తోంది. ఆ దరువు మధ్యలోకి నేను దూరాను.

“ఇది మోగితె నా చెయ్యి ఆగుతది పిల్లా,” అంది. “నా చెయ్యి ఆగొద్దు. చాటల తంబాకు కదలొద్దు. గట్ల మోగుతదంటె మోగియ్యి.”

మా ఆయన ఆ సమయంలో ఫ్యాను రెక్కలు లెక్కపెడుతున్నాడు. ఉన్నవి మూడే, అయినా చాలాసేపు లెక్కపెట్టాడు.

అత్త మీది కోపం దుత్త మీద చూపించాను. మా వంటింట్లో సొట్ట లేని గిన్నె కనిపిస్తే అది ఆ తర్వాత కొన్నదే అని అర్థం. కోపం నెమ్మదిగా పోయింది, బాధ మాత్రం పోలేదు. తీగలు నొక్కి నొక్కి గట్టిపడిన నా వేళ్ల చివరలు ఒక రోజు పిండి కలుపుతుంటే మెత్తగా తగిలాయి. పొయ్యి దగ్గర నిలబడి ఏడ్చాను. ఏందని అడిగితే ఉల్లిగడ్డలు కోస్తున్నానని చెప్పాను. పొయ్యి మీద పాలు తప్ప ఏమీ లేవు.

పోయినేడు ఒక మధ్యాహ్నం అత్తమ్మ చుట్టిన బీడీలు అప్పగించడానికి కార్ఖానాకు వెళ్లినప్పుడు, స్టూలెక్కి గిటారు దించాను. ఆంప్ లేని ఎలక్ట్రిక్ గిటారుది దోమ గొంతు. కింద నాలుగు సాంచాలు ఆడుతుంటే ఆ దోమ నాకే వినపడలేదు. వినపడకపోయినా గంటసేపు వదల్లేకపోయాను. ఆ గంటలోనే నిర్ణయించుకున్నాను, ఈ ఇంట్లో మళ్లీ వాయించి తీరాలని.

ఆ రోజు నుంచి ఫోనులో ఆంప్‌లు వెతకడం మొదలుపెట్టాను. పెళ్లీడు పిల్లకు సంబంధాలు చూసినట్టే చూశాను. ఒకదాని గొంతు బాగుంది కానీ నోరు పెద్దది. ఒకటి ఉత్త సాధువు, వాయిస్తే నిద్రొస్తుంది. నాకు కావలసింది ఒక్క చిన్న డబ్బా. పొద్దున అత్తమ్మ వింటుంటే హార్మోనియంలా శుభ్రంగా భజన పలకాలి. ఆమె గడప దాటగానే ఆర్కెస్ట్రా నాటి నా గరగర పలకాలి. సాంచాల హోరులో వినపడాలి, చాటలో తంబాకు మాత్రం కదలకూడదు. ఇన్ని గుణాలున్న అల్లుడే దొరకడు, ఆంప్ దొరుకుతుందా?

దొరుకుతుందనే చెప్పారు తెలిసినవాళ్లు. చిన్న ట్యూబ్ ఆంప్ కొనమన్నారు. పాతకాలపు రేడియోల్లో ఉన్నట్టు లోపల గాజు ట్యూబులుంటాయి. ఐదు వాట్లది చాలు. వెనకాల ఒక స్విచ్చు నొక్కితే అది అర వాటుకు తగ్గిపోతుంది, అప్పుడు మెల్లగా వాయించినా గొంతు విప్పి పాడుతుంది. ఒక మీట శబ్దానికి, ఒక మీట గరగరకు. గరగర మీటను గెయిన్ అంటారు.

ఇదంతా రాత్రి అన్నాల దగ్గర మా ఆయనకు చెప్పాను.

“ఐదు వాట్లా?” అన్నాడు. “మన వాకిట్ల బల్బే తొమ్మిది వాట్లు. గీ డబ్బ గుడ్డి దీపమైతది.”

“ట్యూబులంటున్నదేంది?” అని అత్తమ్మ అందుకుంది. “షెడ్డుల ట్యూబులైట్లు పీకి పారేస్తుంటె ఇది కొత్తగ తెస్తదా?”

అప్పుడు వాన కురుస్తోంది. సోలాపూర్‌కు వాన ఎప్పుడూ చుట్టంచూపుగానే వస్తుంది, పోయినేడు మాత్రం ఇల్లరికం అల్లుడిలా తిష్ట వేసింది. గోడలు చెమ్మగిల్లాయి, బీడీలు చుట్టే తునికాకు చెమ్మగిల్లింది, చుట్టిన బీడీలకూ చెమ్మ తగిలింది. కార్ఖానాలో బాగాలేని బీడీలు ఏరి పక్కన పడేస్తారు. అత్తమ్మ చేతి బీడీలకు ఎప్పుడూ ఆ గతి పట్టలేదు. ఆ వారం ఆమె కళ్లముందే గుప్పెళ్లు గుప్పెళ్లు పక్కకు తీశారట. ఇంటికొచ్చి ఆ రోజంతా ఎవరితోనూ మాట్లాడలేదు. నోరుగల మనిషి మౌనంగా కూర్చుంటే ఇల్లు ఎంత బోసిపోతుందో నాకు అప్పుడే తెలిసింది. పొయ్యి పక్కన ఆరబెడితే బీడీలకు పోపు వాసన పట్టింది. బల్బు కింద పెట్టి చూసింది, ఈ కొత్త బల్బులకు వేడే ఉండదు.

నేను మా ఆయనతో వాదన ఆపలేదు. “వాట్లు కాదు చూసేది. ట్యూబ్ ఆంప్ సౌండు మస్తు వెచ్చగుంటదట,” అన్నాను.

అత్తమ్మ నోటి దాకా పోయిన ముద్ద ఆగింది.

“ఎంత వెచ్చగ?”

నేను చెప్పింది ధ్వని గురించి. ఆమె విన్నది వేడి గురించి. సరిదిద్దడానికి నాకు అరక్షణం దొరికింది, ఆ అరక్షణాన్ని పప్పు వడ్డించుకోవడానికి వాడుకున్నాను.

“చెయ్యి పెడితె తెలుస్తదట అత్తమ్మా,” అన్నాను. ఇది అబద్ధం కాదు.

“మీద చాట పెట్టొచ్చా?”

“ఎందుకు పెట్టొద్దు?”

“ఎప్పటికి గట్లనే వేడిగుంటదా?”

“ఉండదు. వాయిస్తెనే,” అన్నాను.

ఇది మాత్రం పచ్చి అబద్ధం. స్విచ్చు వేస్తే చాలు, ఎవరు వాయించినా వాయించకపోయినా ట్యూబులు వేడెక్కుతాయి. ఆ ఒక్క ముక్క దాచినందుకు నాకు ఏ నరకమో తెలియదు కానీ, అక్కడ గిటారు ఉంటే సర్దుకుంటాను. పాత రేడియోలు చూసినవాడు కదా, మా ఆయనకు అసలు సంగతి తెలుసు. ఆయన మళ్లీ ఫ్యాను వైపు చూశాడు.

మర్నాడు పొద్దున్నే అత్తమ్మ కొత్త చీర కట్టుకుని, చేతిసంచీ పట్టుకుని తయారైంది. సంచీలో చిన్న స్టీలు డబ్బా, అందులో గుప్పెడు తంబాకు. సిటీ బస్సెక్కి ఊళ్లో వాయిద్యాల దుకాణానికి వెళ్లాం.

“బోలా తాయీ, కాయ్ దాఖవూ?” అని దుకాణదారు మరాఠీలో నన్ను అడిగాడు, చెప్పక్కా, ఏం చూపించను అని. అత్తమ్మ నన్ను పక్కకు జరిపి తనే అడిగింది, “హే గరమ్ హోతే కా?” ఇది వేడెక్కుతుందా అని.

ఆయన దగ్గరికి వచ్చేవాళ్లు స్వరం అడుగుతారు, ధర అడుగుతారు. వేడి అడిగిన మనిషిని చూడటం అదే మొదలు కాబోలు, ముందు ట్యూబులు లేని ఆంప్ ఒకటి పెట్టాడు. అత్తమ్మ అరచెయ్యి ఆనించి, “సల్లగున్నది. వద్దు,” అంది. దాన్ని నేను వాయించనైనా లేదు.

తర్వాత చిన్న ట్యూబ్ ఆంప్ పెట్టి స్విచ్చు వేశాడు. నేను గోడకు తగిలించిన గిటార్లలో ఒకటి ఎంచుకుంటూ, తీగలు చూసుకుంటూ తాత్సారం చేశాను. అత్తమ్మ ఆంప్ వెనకున్న జాలీలోంచి తొంగి చూస్తోంది. లోపల గాజు ట్యూబుల్లో ఎర్రగా వెలుగు రాజుకుంది. “బీడి ముట్టిచ్చినట్టున్నది,” అని మెచ్చుకుని, పైన చెయ్యి పెట్టి కూర్చుంది. నేను గిటారు తెచ్చేసరికి చెయ్యి తీసి చీర కొంగుకు తుడుచుకుంటోంది.

సరిగ్గా అప్పుడే చిక్కొచ్చి పడింది. పక్కనే పదిహేను వాట్ల ట్యూబ్ ఆంప్ ఉంది. దాని నడుమూ వెడల్పు, వేడీ ఎక్కువ.

“గిది తీసుకుందాం. మూడు చాటలు పడ్తయి,” అంది అత్తమ్మ.

 అది గొంతు విప్పాలంటే గోడలు అదరాలి. ఇంట్లో మోగిన మొదటి రోజే మళ్లీ బీరువా మీదికి చద్దరు, నా కథ కంచికి. వాదించకుండా ఆమె స్టీలు డబ్బా తీసుకుని, మూత తీసి, ఆ పెద్ద ఆంప్ మీద పెట్టి ఒక్క దెబ్బ వాయించాను. తంబాకు ఎగిరి దుకాణదారు బల్ల మీద పడింది. ఆయన మూడుసార్లు తుమ్మాడు.

చిన్నదాని మీద డబ్బా పెట్టి, స్విచ్చు అర వాటుకు మార్చి, భజన వరుస ఒకటి వాయించాను. అత్తమ్మ వంగి డబ్బాలోకి చూసింది. ఒక్క రవ్వ కదల్లేదు. తుమ్ముల కసి తీర్చుకోవడానికో ఏమో దుకాణదారు మధ్యలో చెయ్యి పెట్టి గెయిన్ మీట చివరిదాకా తిప్పాడు. భజన కాస్తా గుర్రుమంది. 

“గిదేంది, నాడె ఇరికిన సాంచలెక్క?” అంది అత్తమ్మ. నూలు పట్టుకుని మగ్గంలో అటూ ఇటూ ఉరికేదే నాడె. మళ్లీ డబ్బాలోకి చూసింది. తంబాకు కదల్లేదు. “సరె, తీస్కో.”

ధర చెప్పను. మా ఆయనకే ఇంకా తెలియదు.

ట్యూబులకు గాలి ఆడాలి కదా, అందుకని నూలు చుట్టే ఖాళీ కండెలు నాలుగు ఆంప్ మీద పడుకోబెట్టి, వాటిమీద చాట పెట్టేవాళ్లం. అత్తమ్మ పక్కన కూర్చుని బీడీలు చుట్టేది, నేను వాయించేదాన్ని. పది నిమిషాలు ఆపితే చాలు, “సల్లబడుతున్నది పిల్లా, ఆపకు,” అనేది. బియ్యం ఏరుతుంటే పిలిచి, “ఇంకో రెండు కట్టలున్నయ్, వాయించు,” అనేది. తొమ్మిదేళ్ల ఆకలి నాది, ఎంత వాయించినా తీరలేదు. బీడీలు వెనక్కి రావడం తగ్గింది, అత్తమ్మ నోరు మళ్లీ లేచింది. నా వేళ్ల చివరలు మళ్లీ గట్టిపడ్డాయి. ఆ సంతోషం ఎవరితో చెప్పుకోవాలో తెలియక పెరుగు తోడుపెడుతూ నాలో నేనే నవ్వుకున్నాను.

ఒక రోజు ధైర్యం చేసి స్విచ్చు ఐదు వాట్లకు మార్చి, గెయిన్ మొత్తం పెంచాను. ఉన్నట్టుండి కింద నాలుగు సాంచాలూ ఆగిపోయాయి. మామగారు టార్చి పట్టుకుని ప్రతి మగ్గం కిందా దూరి, నాడె ఎక్కడ ఇరికిందా అని వెతుకుతున్నారు. దొరక్క పైకొచ్చారు.

“ఏ సాంచ చెడ్డదే?” అని అత్తమ్మను అడిగారు.

“అయిదోది,” అంది అత్తమ్మ తల ఎత్తకుండా.

దసరా వెళ్లాక ఎండలు వచ్చాయి. సోలాపూర్ ఎండ సంగతి తెలిసిందే, మిద్దె మీద పరిస్తే బీడీలేం ఖర్మ, మనుషులే ఎండుతారు. ఒక పొద్దున అత్తమ్మ చాట ఎత్తుకుని మిద్దె మెట్లెక్కింది. ఆంప్ మీద నాలుగు కండెలు ఉత్తగా మిగిలాయి.  వద్దని ఆమె చెప్పేదాకా ఆగడం కంటే నేనే సర్దుకుంటే మర్యాదగా ఉంటుందని, బీరువాలోంచి పాత చద్దరు తీసి గిటారుకు చుట్టడం మొదలుపెట్టాను. సగం చుట్టాను.

అత్తమ్మ దిగి వచ్చింది. చాటలో బీడీలు గలగలమంటున్నాయి. ఆ చాట తెచ్చి కండెల మీద పెట్టింది.

“ఎండినయ్ గదా అత్తమ్మా,” అన్నాను. “బయట ఎండ మంచిగనే ఉన్నది.”

“ఉంటె ఉండనీ.”

“మల్ల దీనిమీద ఎందుకు?”

ఆంప్ స్విచ్చు తనే వేసింది. గోడకానుకుని కూర్చుని ఇంకో చాట ఒళ్లోకి తీసుకుంది. నా చేతిలో చద్దరు వైపు చూసింది.

“వాయిస్తెనే వేడైతదని చెప్పినవ్ గదా?”

తల ఊపాను.

“దుకాన్ల నువ్వు గిటారు ముట్టకముందే నా చెయ్యి కాలింది పిల్లా,” అంది. ఆకు మీద తంబాకు వేసి చుట్టడం మొదలుపెట్టింది. “వాయించు.”