ఒక్కసారే అడిగిన మనిషి

బహ్రెయిన్‌లో నా మూడో ఏడు మొదలయ్యేసరికి నన్ను థాయి వాళ్ల గదిలో వేశారు. అది రెండువేల సంవత్సరం దాటిన నాలుగైదేళ్లకు. హిద్ దగ్గర ఓడలు మరమ్మతు చేసే యార్డులో నేను టైమ్‌కీపర్‌ని. హాజరు, ఓవర్‌టైం, సెలవు కాగితాలు నా పని. క్యాంపులో తెలుగువాళ్ల గదులు నిండిపోయాయని, నలుగురు థాయి వాళ్లుండే గదిలో ఖాళీ మంచం చూపించాడు క్యాంపు బాస్. నెల రోజులు సర్దుకోమన్నాడు. రెండేళ్లు ఉన్నాను. మార్చమని నేనూ అడగలేదు. అప్పట్లో నాకు ఏదీ అంతగా పట్టేది కాదు. సంతోషం లేదు, బాధా లేదు. పొద్దున బస్సెక్కడం, సాయంత్రం బస్సు దిగడం, అంతే.

ఆ గదికి కొన్ని పద్ధతులుండేవి. అవి ఎవరూ చెప్పేవారు కాదు. నేను చేరిన వారానికి డ్యూటీ నుంచి వచ్చి చూస్తే నా తలగడ మంచానికి రెండో కొసన ఉంది. దుప్పటి కూడా అటు తిప్పి పరిచి ఉంది. క్లీనర్ పొరపాటనుకుని మళ్లీ ఇటు మార్చుకున్నాను. మర్నాడు మళ్లీ అటే ఉంది. మూడో రోజుకు నాకు అర్థమైంది. నేను పడుకుంటే నా కాళ్లు పక్క మంచం ఆయన తలవైపు ఉంటున్నాయి. వాళ్లకు తల ఎంత గొప్పదో పాదం అంత తక్కువది. ఆ మాట నాతో అంటే నేను చిన్నబోతానని, అనకుండా తలగడ తిప్పారు. మా ఊళ్లో అయితే "ఒరేయ్, కాళ్లు అటు తిప్పరా" అని ఒక్క కేక వేసేవాళ్లు.

పక్క మంచం ఆయన్ని అందరూ లుంగ్ అని పిలిచేవారు. పెదనాన్న వరస అన్నమాట. యాభై దాటిన వెల్డర్. సన్నగా, ఎప్పుడూ నవ్వు ముఖంతో ఉండేవాడు. నన్ను నోంగ్ అనేవాడు, అంటే తమ్ముడు. మా మధ్య నడిచేది యార్డు భాష. కాస్త ఇంగ్లీషు, కాస్త హిందీ, రెండు మూడు అరబ్బీ మాటలు. మిగతా ముగ్గురిలో ఒకతను మాత్రం అంతకుముందు మనామాలో ఒక హోటల్లో వంట చేసినవాడు కావడంతో ఇంగ్లీషు బాగా మాట్లాడేవాడు. ఏదైనా విడమరిచి చెప్పాల్సి వస్తే అతనే చెప్పేవాడు.

వంట లుంగ్‌దే. జిగురన్నం వెదురు బుట్టలో ఆవిరికి పెట్టేవాడు. రోట్లో పచ్చి బొప్పాయి కోరు దంచేవాడు. చేపలు ఊరబెట్టిన నీళ్లు ఒక సీసాలో ఉండేవి. మూత తీస్తే వరండా అంతా వాసన. ఎండు చేపల వాసనలో పెరిగిన గోదావరి ముక్కు నాది, రెండు రోజుల్లో అలవాటు పడింది.

మొదటిసారి వాళ్లతో తినడానికి కూర్చున్నప్పుడు లుంగ్ మిరపకాయలు చూపించి, "ఎన్ని?" అన్నాడు.

"నాది ఆంధ్రా. ఎన్నయినా వెయ్" అన్నాను.

ఆయన చెప్పినమాట విన్నాడు. రెండో ముద్దకే నా కళ్లు, ముక్కు కారిపోయాయి. నలుగురూ నేలమీద పడి నవ్వారు.

"ఆంధ్రా ఖలాస్!" అన్నాడు ఇంగ్లీషు వచ్చినతను. ఆ తర్వాత చాలా రోజులు నేను గదిలోకి రాగానే అదే మాట.

ఏప్రిల్ చివర ఒక శుక్రవారం పొద్దున, నేను మనామాలో మా తెలుగు క్రైస్తవ సహవాసం ప్రార్థనకు వెళ్లడానికి చొక్కా ఇస్త్రీ చేసుకుంటుంటే లుంగ్ ఒక ఫోటో తెచ్చి చూపించాడు. ఆయన కొడుకు, ఇరవై రెండేళ్లవాడు. జూలైలో వాళ్ల వర్షాకాలపు వ్రతం మొదలయ్యేలోపు కొడుకు సన్యాసం తీసుకుంటున్నాడు. వాళ్లలో మగపిల్లలు చాలామంది పెళ్లికి ముందు కొన్నాళ్లు గుడిలో భిక్షువుగా ఉండి వస్తారట. కొడుకు తల నున్నగా గొరిగే ముందు మొదటి కత్తిరింపు తల్లిదండ్రులు వెయ్యాలి. లుంగ్ రెండు వేళ్లు కత్తెరలా చేసి తన జుట్టుమీద ఆడించి చూపించాడు. తర్వాత చేతులు చాచి, కాషాయం బట్టలు అందిస్తున్నట్టు చేశాడు. ఆ బట్ట కొసను పట్టుకునే తల్లిదండ్రులు స్వర్గానికి పోతారని వాళ్ల నమ్మకమని ఇంగ్లీషు వచ్చినతను చెప్పాడు. లుంగ్‌కు ఒక్కడే కొడుకు.

"నోంగ్, పదిహేను రోజులు సెలవు. కాగితం నువ్వు రాస్తావా?" అన్నాడు లుంగ్.

"ఓ, అదెంత పని" అన్నాను.

ఆ సాయంత్రమే ఫారం నింపి సంతకం పెట్టించుకున్నాను. మర్నాడు ఆఫీసులో టేబుల్ సొరుగులో పెట్టాను. దాన్ని ఫోర్‌మన్‌కు చూపించి మనామాలోని హెడ్ ఆఫీసుకు పంపాలి. ప్రయాణానికి నెల ముందు అక్కడికి చేరాలి. ఒక్కో గ్యాంగులో ఒకేసారి ఇద్దరికే సెలవు. ఎవరి కాగితం ముందు చేరితే వాళ్లకే. ఇవన్నీ నాకు తెలుసు. లుంగ్‌కు తెలియవు.

అదే గ్యాంగులో కరీంనగర్ పెయింటర్ ఒకాయన ఉండేవాడు. ఆయనకూ జూలైలోనే సెలవు కావాలి. రోజూ మధ్యాహ్నం అన్నం తినగానే నా కిటికీ దగ్గర నిలబడేవాడు.

"అన్నా, నా కాయితం లేసిందా, ఇంకా పండుకునే ఉన్నదా?"

"పంపిస్తానయ్యా, రేపు."

"నిన్న గూడ రేపే అన్నవ్. నీ రేపుకు గడ్డాలొచ్చినయ్. మా తమ్ముని లగ్గం అన్నా! నేను లేకుంటే బరాత్‌ల ఎవడు ఎగురుతడు? మా బాపునా?"

"సరేలే, వెళ్లు. పని చూసుకో."

"పోను. పంపేదాంక ఈడనే బిస్తర్ ఏస్త."

వేసేవాడే. అతని పోరు పడలేక ఒకరోజు అతని కాగితం పంపేశాను. ఆ గ్యాంగులోనే పంజాబీ ఫిట్టర్ ఒకడు జూలై సెలవు కోసం ఏకంగా ఫోర్‌మన్‌నే వెంటబెట్టుకొచ్చాడు. అతనిదీ పంపాను. ఆ రెండు కాగితాలూ లుంగ్ కాగితం మీద నుంచే తీశాను. దాన్ని చూశాను కూడా. చూసి సొరుగు మూశాను. ఇందులో పగ లేదు, లంచం లేదు. అడిగినవాడి పని అవుతుంది, అడగనివాడిది ఆగుతుంది. నేను పుట్టిన చోట అన్ని ఆఫీసుల్లో జరిగేది అదే. పని అంత అవసరమైతే మనిషి ఒకటికి పదిసార్లు తిరుగుతాడు, తిరగడంలేదంటే తొందరలేదన్నమాట. ఆ లెక్కే నా ఒంట్లో ఉంది. లుంగ్ మళ్లీ అడగలేదు.

అడగలేదు కాని, మే నెల నుంచి నా మంచంమీద మూతపెట్టిన పళ్లెం ఉండేది. జిగురన్నం, కాల్చిన కోడి, నా కోసం కారం తగ్గించి దంచిన బొప్పాయి. మొదట వారానికి ఒకసారి, తర్వాత రెండు రోజులకోసారి, జూన్ వచ్చేసరికి రోజూ. నేను తింటుంటే లుంగ్ ఎదురుగా కూర్చుని చూసేవాడు. నేను తల పైకెత్తితే నవ్వేవాడు. నేనూ నవ్వేవాణ్ణి. ఈ పెద్దాయనకు నేనంటే ఇష్టం కుదిరిందనుకున్నాను. మెస్సుకు వెళ్లడం మానేశాను.

జూన్ చివర ఒక మధ్యాహ్నం లుంగ్ మొదటిసారి ఆఫీసుకు వచ్చాడు. లోపలికి రాలేదు. హెల్మెట్ తీసి చేత్తో పట్టుకుని గుమ్మం బయట ఎండలో నిలబడ్డాడు. ఎంతసేపు నిలబడ్డాడో నాకు తెలియదు. టీ తెచ్చినతను చెబితే చూశాను.

"నోంగ్, టికెట్ వచ్చిందా? ఊళ్లో మండపం వేస్తున్నారు."

నేను సొరుగు తెరవాల్సిన అవసరం లేకపోయింది. అందులో ఉందని తెలుసు. ఇద్దరి లెక్క అప్పటికే నిండిపోయింది, గడువూ దాటింది. పొరపాటు నాదని చెప్పి, ఆయన్ని వెంటబెట్టుకుని హెడ్ ఆఫీసుకు వెళ్లి కాళ్లావేళ్లా పడితే ఏమయ్యేదో చెప్పలేను. బహుశా పనయ్యేది. నేను ఇలా అన్నాను:

"హెడ్ ఆఫీసు ఒప్పుకోలేదు. డాక్‌లో షిప్పు ఉంది కదా, వెల్డర్లకు సెలవు లేదట. ఖలాస్."

అది చెప్పడానికి నాకు ఏమాత్రం కష్టం కాలేదు. నోరు తడబడలేదు. లుంగ్ కాసేపు నేల చూశాడు. తర్వాత తలెత్తి నవ్వాడు. హెల్మెట్ చంకలో ఇరికించుకుని రెండు చేతులూ జోడించి వెళ్లిపోయాడు. హమ్మయ్య, గొడవ చెయ్యలేదనుకున్నాను.

ఆ సాయంత్రం కూడా నా మంచంమీద పళ్లెం ఉంది. తిన్నాను. చెయ్యి కడుక్కుంటుంటే ఇంగ్లీషు వచ్చినతను పక్క కుళాయి దగ్గరికి వచ్చాడు. అతను నవ్వడం లేదు.

"ఆ కాగితం నువ్వు పంపలేదు. హెడ్ ఆఫీసులో మావాడొకడు ఉన్నాడు. అడిగాను. లుంగ్ కాగితం అక్కడికి రానేలేదు" అన్నాడు.

నేను చెయ్యి కడుగుతూనే ఉన్నాను.

"ఆయన రోజూ అడిగాడు. నువ్వు రోజూ తిన్నావు."

కుళాయి కట్టేశాను. "మరి ఇవాళ ఎందుకు పెట్టాడు?" అన్నాను. నాకు తోచింది అదొక్కటే.

"ఇవాళ అడగడానికి కాదు. అడిగిన పని కాలేదనగానే పెట్టడం మానేస్తే నువ్వు సిగ్గుపడతావని."

"లుంగ్‌కు తెలుసా? కాగితం సంగతి?"

"నేను చెప్పలేదు. ఆయన అడగలేదు" అని లోపలికి పోయాడు.

కొడుకు కార్యక్రమం జూలై మొదట్లో. అక్కడ బహ్రెయిన్‌ కంటే నాలుగు గంటలు ముందు. మాకు ఇంకా డ్యూటీ బస్సు రాలేదు, కిటికీలో వెలుతురు వస్తోంది. లుంగ్ స్నానం చేసి ఉతికిన చొక్కా వేసుకుని మంచం పక్కన నేలమీద మోకాళ్లు ముడుచుకుని కూర్చున్నాడు. మొబైల్ స్పీకరు ఆన్ చేసి, రెండు చేతుల మధ్య పెట్టుకుని చేతులు జోడించాడు. అటునుంచి డప్పులు, ఆడవాళ్ల కేకలు. భార్య కాబోలు, ఫోను కొడుకు దగ్గర పెట్టింది. ఒక కుర్ర గొంతు ఏదో అప్పజెప్పినట్టు మెల్లగా చెబుతోంది. లుంగ్ మధ్యమధ్యలో ఊఁ అంటున్నాడు.

నేను మేలుకునే ఉన్నాను. మంచం దిగలేదు. ఎదుటి మంచంమీద ఇంగ్లీషు వచ్చినతను కూర్చుని ఉన్నాడు. నా కళ్లు తెరిచి ఉన్నాయని చూసి, తగ్గుస్వరంతో చెప్పాడు.

"జుట్టు తియ్యకముందు కొడుకు తండ్రికి క్షమాపణ చెప్పుకోవాలి. పుట్టినప్పటినుంచీ తెలిసీ తెలియక చేసిన తప్పులన్నిటికీ. తండ్రి క్షమించానని చెప్పాలి. అప్పుడే వెళ్లొచ్చు."

లుంగ్ చెప్పాడు. నాకు ఆ భాష రాకపోయినా అదే మాట అని తెలిసింది. ఆ తర్వాత ఫోను అటు తిప్పి ఉంటారు, కత్తెర చప్పుడు వినిపిస్తుందేమోనని ఆయన చెవికి గట్టిగా నొక్కుకున్నాడు. మొదటి కత్తిరింపు ఆయన తమ్ముడు వేశాడని తర్వాత తెలిసింది. ఇంతలో కార్డులో డబ్బులయిపోయి ఫోను ఆగిపోయింది. ఆయన దాన్ని జేబులో పెట్టుకుని, బూట్లు వేసుకుని, బస్సుకు వెళ్లాడు. నేనూ అదే బస్సెక్కాను. ఆ రోజు హాజరులో అందరికీ వేసినట్టే ఆయనకూ టిక్కు పెట్టాను.

ఆ ఉదయం నాకు ఏడుపు రాలేదు. రావాలని ఇప్పుడు అనిపిస్తుంది. లోపల ఏదో చల్లగా, తిమ్మిరెక్కిన చెయ్యిలా ఉంది, అంతే.

ఆ వారం మా సహవాసంలో తమ అనుభవాలు సాక్ష్యంగా చెప్పేవాళ్లు లేవమన్నారు. నేను లేచాను. ఇదంతా చెప్పాలనే లేచాను. ముందు వరసలో చిన్నపిల్లలు, వెనక రిఫా నుంచి వచ్చిన కుటుంబాలు, అందరూ నావైపు చూస్తున్నారు. "నా వీసా రెన్యూ అయ్యింది, దేవునికి స్తోత్రం" అన్నాను. అందరూ స్తోత్రం అన్నారు. కూర్చున్నాను.

లుంగ్ కొడుకు మూడు నెలలు గుడిలో ఉండి, వ్రతం ముగియగానే కాషాయం విడిచి ఏదో కార్ల ఫ్యాక్టరీలో చేరాడు. తండ్రి అతన్ని ఆ బట్టల్లో చూడలేదు. లుంగ్ కాంట్రాక్టు ఫిబ్రవరిలో అయిపోయింది. ఆయన వెళ్లడానికి రెండు వారాల ముందు, ఒక శుక్రవారం, ప్రార్థన అయ్యాక మనామాలో క్యాంపు బస్సెక్కితే లుంగ్ కిటికీ పక్క సీట్లో ఉన్నాడు. సూక్ బజారులో కొన్న దుప్పట్లు ఒళ్లో పెట్టుకున్నాడు. నన్ను చూసి జరిగి చోటిచ్చాడు.

సముద్రంమీది వంతెన దాటాక చెప్పేశాను. ఉన్నదున్నట్టు చెప్పాను. హెడ్ ఆఫీసు కాదనలేదని, నేనే పంపలేదని, ఆ రోజు అబద్ధం చెప్పానని. క్షమించమన్నాను. చెబుతున్నప్పుడు నాకు తేలిగ్గానే ఉంది.

లుంగ్ ముఖంలో నవ్వు పోయింది. ఆ రెండేళ్లలో అది లేకుండా ఆయన ముఖం నేను చూసింది అప్పుడే. వయసు కనిపించింది.

"నోంగ్, నాకు ముందే తెలుసు" అన్నాడు. "నీకు ఇబ్బందని, నాకు తెలియనట్టు ఉన్నాను. ఇప్పుడు చెప్పావు. ఇప్పుడు నేనేం చెయ్యాలి?"

అప్పటివరకు అది నా తప్పు ఒక్కటే. దాన్ని ఆయన కప్పి ఉంచాడు. నా గుండె బరువు దించుకోవడానికి నేను ఆ ముసుగు లాగేశాను. ఇక ఆయన నామీద కోపగించుకోవాలి, లేదా క్షమించాలి. రెండూ నేను ఆయన నెత్తిన పెట్టినవే. మళ్లీ నా పనే ముందు చేసుకున్నాను.

క్షమించానని ఆయన అనలేదు. దుప్పట్లు సర్దుకుని కిటికీలోంచి సముద్రం వైపు చూస్తూ కూర్చున్నాడు. వెనక నాలుగు సీట్లు ఖాళీగా ఉన్నాయి. ఆయన లేచి అటు వెళ్లి కూర్చోవచ్చు. వెళ్లలేదు. అలా లేచి వెళితే నేను బాధపడతానని. హిద్ వచ్చేదాకా భుజానికి భుజం తగులుతూ నా పక్కనే కూర్చున్నాడు.