గాలివాన మర్నాడు మంజీరలో

నేను చదివింది నాలుగో తరగతి. ఒత్తులు ఎక్కడ పెట్టాలో, దీర్ఘాలు ఎక్కడ తీయాలో ఇప్పటికీ సరిగా తెలియదు. రాత కూడా వంకర. ముందే చెబుతున్నాను, ఏమీ అనుకోకండి.

డెబ్బైల మొదట్లో పటాన్‌చెరు దగ్గర ఫ్యాక్టరీలో హెల్పరుగా చేరాను. సంగారెడ్డి అవతల, మంజీర ఒడ్డున ఒక ఊళ్లో కిరాయికి ఉండేవాణ్ణి. మాది సముద్రం పక్క ఊరు. ఇక్కడ నేనున్న ఇంటి యజమాని చేపలు పట్టేవాడు. ఆయన్ని అన్నా అనేవాణ్ణి, ఆయన నన్ను తమ్మీ అనేవాడు. ఆయన సొంత తమ్ముడు నది మధ్య గడ్డ మీద దోసతోటకు కాపలా. గడ్డంటే ఎండాకాలం నీళ్లు తగ్గితే పైకి తేలే చిన్న దీవి.

ఆ ఎండాకాలం ఒక రాత్రి గాలివాన, రాళ్లవాన. తెల్లారేసరికి కరెంటు లేదు, ఫ్యాక్టరీ బస్సు రాలేదు. ఒడ్డుకు వెళ్లి చూస్తే ఆ తమ్ముడి తెప్ప ఖాళీగా కొట్టుకొచ్చి ఉంది. అన్న ఇంటికి పోయి పుట్టి నెత్తిన పెట్టుకొచ్చి నీళ్లలో దించాడు. పుట్టి అంటే గుండ్రంగా బుట్టలా ఉండే పడవ.

"నేనూ వస్తానన్నా. పడవలు నాకు కొత్త కాదు" అన్నాను.

"గిది నీ సముద్రం పడవ కాదు తమ్మీ. దీనికి ముక్కు లేదు, తోక లేదు. నడుమ కూసో, కదలకు."

నీళ్లు నూనె పోసినట్టు ఉన్నాయి. రాళ్లదెబ్బకు చచ్చిన కొంగలు తెల్లగా తేలుతున్నాయి. పుట్టి తగిలితే పక్కకు తిరిగి మళ్లీ మా వెనకే వస్తున్నాయి. గడ్డ మీద తుమ్మచెట్లకు ఒక్క ఆకు లేదు. గుడిసె లేదు. పగిలిన దోసపండ్ల వాసన మాత్రం వస్తోంది. బురదలో మొసలి జారిన గాడి ఇంకా తడిగా ఉంది. అది చూసి అన్న దిగలేదు. చుట్టూ తిరుగుతూ తెడ్డుతో పుట్టి అంచు మీద టకటకా కొడుతున్నాడు, అంతే. పిలవడం లేదు.

మా సముద్రం దగ్గర పడవ తిరిగి రాకపోతే ఒడ్డున నిలబడి పేరు పెట్టి గొంతు పోయేలా పిలుస్తాం. నాకు అదే తెలుసు. ఆ తమ్ముణ్ణి పేరు పెట్టి గట్టిగా పిలిచాను.

కాసేపటికి గడ్డ అవతల నుంచి అదే పేరు వినిపించింది. నా గొంతులాగే ఉంది. నేను మాత్రం రెండోసారి పిలవలేదు.

అన్న తెడ్డు ఆపాడు. "నోరు ముయ్. నీళ్ల మీద పేరు పెట్టి పిలుస్తరా ఎవరన్నా?"

"పిలిస్తే ఏమవుతుంది?"

"బతికున్నోడు పలకడు. మా పోరగాండ్లకు గదే నేర్పిస్తం. నీళ్ల మీద పేరు ఇనపడ్తె అది మనిషి కాదని దాక్కోవాలె. సప్పుడు చేస్తెనే మనోడని ఎరుక."

ఇంకో చుట్టు తిరిగాం. అన్న కొట్టి ఆగుతున్నాడు, చెవి పెడుతున్నాడు. ఏమీ లేదు. ఆయన మొహం వైపు చూడలేకపోయాను. చివరికి పడిపోయిన జమ్ముగడ్డిలోంచి కుండ మీద పుల్లతో కొట్టినట్టు సన్నగా వినిపించింది.

తమ్ముడు అక్కడే పడి ఉన్నాడు. గుడిసె వాసం కాలు మీద పడిందట. ఇద్దరం మోసుకొచ్చి పుట్టిలో పడుకోబెట్టాం.

"ముందుగాల్నే ఎందుకు సప్పుడు చెయ్యలేదుర?" అన్నాడు అన్న.

"చేద్దామనే ఉంటి. గప్పుడే పేరు పిల్వవట్టిరి. ఇగ ఊపిరి సుత బిగవట్టి పండుకున్న."

"అది నేనే. నాకు తెలియక పిలిచాను" అన్నాను.

అతను నా వంక చూశాడు. "ఎరుకే అన్నా, నీ గొంతే. పొద్దు పొడవంగ సుత పిలిస్తివి గదా. గడ్డ దిగి నీళ్లలకు రా అంటివి."

పొద్దు పొడిచేటప్పటికి నేను ఇంట్లో నిద్రపోతున్నాను. ఆ మాట అతనికి చెప్పలేదు. అన్నకు తెలుసు. ఆయన తల ఎత్తకుండా తెడ్డు వేస్తూనే ఉన్నాడు.

కాలు బాగయ్యాక అతను మళ్లీ తోటకు పోయాడు. నాతో మంచిగానే ఉండేవాడు, చేపలు ఇచ్చేవాడు. కానీ నేను పేరు పెట్టి పిలిస్తే, పక్కనే ఉన్నా, పలికేవాడు కాదు. దగ్గరికి వెళ్లి భుజం మీద చెయ్యి వేస్తే అప్పుడు నా మొహం చూసి, "నువ్వేనా అన్నా" అనేవాడు.

నాకు రాయవచ్చింది ఇంతే. తప్పులున్న చోట మీరే దిద్దుకుని చదువుకోండి, నన్ను మన్నించండి.